రాగిరేకు మీది రెసిడెన్సీ

కోఠి ఉమెన్స్ కాలేజీ అంటే హైదరాబాద్‌లో ఆటో నడిపేవాళ్ల నుంచి ఆచార్యుల దాకా అందరికీ గుర్తే. ఆ ఆవరణలో ఎత్తయిన స్తంభాలతో నిలిచిన మేడకు రెండువందల ఏళ్లనాటి ఒక రంగుల ముద్రణ చిత్రం ఉంది. గీసినవాడు కెప్టెన్ రాబర్ట్ మెల్విల్ గ్రిండ్లే అనే ఈస్టిండియా కుంఫిణీ సైనికాధికారి. దృశ్యం 1813 నాటిది. అప్పటికి అక్కడ కాలేజీ లేదు. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు నివాసం అది. గ్రిండ్లే తన చిత్రాలను 1826 నుంచి 1830 దాకా ఆరు భాగాలుగా లండన్‌లో అచ్చు వేయించాడు. మొత్తం 36 చిత్రాల ఆ సంపుటిలో మన రెసిడెన్సీ ఒకటి. ముఖ్యంగా పడమటి భారతదేశపు దృశ్యాలు, వేషాలు, కట్టడాలు అని అర్థమొచ్చే పొడుగాటి పేరు ఆ పుస్తకానిది. మూసీ ఒడ్డు పడమటి భారతం ఎట్లయిందో ఆ కెప్టెన్‌నే అడగాలి. అసలు ప్రతులు బ్రిటిష్ లైబ్రరీ వంటి కొద్ది చోట్ల భద్రంగా ఉన్నాయి. నకళ్లు ఇప్పుడు ఎవరి ఫోన్‌లోనైనా దొరుకుతాయి. దొరికినకొద్దీ ఆ బొమ్మ అలంకారమవుతున్నది, సాక్ష్యంగా దాని విలువ తగ్గిపోతున్నది. పాత కాలేజీ చిత్రాన్ని అందంగా ఉందని చూసి వదిలేయకుండా, కోర్టులో సాక్షిని ప్రశ్నించినట్టు ప్రశ్నించాలి. అలా ప్రశ్నించే వీలు ఇచ్చేది బొమ్మకన్నా ఎక్కువగా దానితోపాటు గ్రంథాలయం దాచిన వివరమే. హుస్నాబాద్ వంటి చిన్న ఊరికి ఈ సంగతి హైదరాబాద్‌కన్నా ఎక్కువ అవసరం.

ముందు ఆ బొమ్మ ఎట్లా తయారైందో చూడాలి. ఈ పద్ధతిని ఆక్వాటింట్ అంటారు. నునుపు చేసిన రాగిరేకు మీద గుగ్గిలం పొడిని సన్నగా చల్లి, కింద వేడి తగిలించి రేణువులు అంటుకునేలా చేస్తారు. తర్వాత రేకును ఆమ్లంలో ముంచితే, రేణువుల మధ్య సందుల్లో మాత్రమే ఆమ్లం రాగిని తింటుంది. ఎంతసేపు ముంచితే అంత లోతు గుంటలు, అంత ముదురు నీడ. తెల్లగా ఉండాల్సిన చోట్ల ముందే వార్నిషు పూస్తారు. ఒక్కో ఛాయకు మళ్లీ పూయడం, మళ్లీ ముంచడం. సిరా పట్టించి తడికాగితం మీద ఒత్తితే, నీటిరంగులతో వేసినట్టు మెత్తటి మబ్బులు, నీడలు వస్తాయి. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి చెక్కేవాడు మొత్తం దృశ్యాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కాలి. ఆపైన పనివాళ్లు వరసగా కూర్చుని, నమూనా ప్రతిని ఎదుట పెట్టుకుని, ఒక్కో కాగితానికీ చేత్తో రంగులద్దేవారు. వాళ్లు దక్కన్ ఎండను చూసినవాళ్లు కారు. అందుకే ఇలాంటి చిత్రంలో గోడ రంగు ఇదీ అని, ఆకాశం ఇంత నీలమని నమ్మి ఎవరైనా మేడకు సున్నం కలిపితే తప్పు చేసినట్టే. గీత కొంతవరకు గ్రిండ్లేది. ఛాయలు రాగిరేకు పనివాడివి. రంగు ఎవరిదో పేరు కూడా మిగలని కూలివాడిది. ఒకే చిత్రంలో ముగ్గురు మాట్లాడుతున్నారు, ముగ్గురిలో అక్కడికి వచ్చి చూసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడి విషయంలో కూడా, ఊళ్లో కాగితం మీద గీసినదానికీ లండన్‌లో అమ్మకానికి వచ్చినదానికీ మధ్య పదేళ్లు దాటిపోయాయి. 1820లోనే గ్రిండ్లే ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

అమ్మింది ఎవరికి అన్నది తర్వాతి ప్రశ్న. గ్రిండ్లే ఏ చిత్రకళాశాలలోనూ చదువుకున్నవాడు కాడు. బొంబాయి పదాతిదళంలో పనిచేస్తూ తీరిక వేళల్లో బొమ్మలు గీసినవాడు. పుస్తకం ఇంకా భాగాలుగా వస్తుండగానే 1828లో లండన్‌లో ఒక ఏజెన్సీ తెరిచాడు. ఇండియాకు వెళ్లేవాళ్లకూ అక్కడి నుంచి వచ్చేవాళ్లకూ ప్రయాణాలు, సామాన్లు, డబ్బు వ్యవహారాలు చూసిపెట్టడం ఆ ఏజెన్సీ పని. అదే ముదిరి గ్రిండ్లేస్ బ్యాంకు అయింది. 2000లో స్టాండర్డ్ చార్టర్డ్ దాన్ని కొన్నది. అంటే బొమ్మలు కొన్న పెద్దమనుషులూ, ఏజెన్సీ ఖాతాదారులూ చాలావరకు ఒక్క జాతి జనమే: ఇండియాలో సంపాదించి ఇంగ్లండ్‌లో స్థిరపడినవాళ్లు, సంపాదించబోతున్నవాళ్లు, వాళ్ల బంధువులు. వాళ్లకు కావలసింది ఒక భరోసా. ఎక్కడో దక్కన్‌లో, నవాబుల పట్నం పక్కన, తమ దేశపు శైలిలో కట్టిన మేడ ఒకటి ధీమాగా నిలబడి ఉందన్న భరోసా. రెసిడెన్సీ ఆ కోరికకు అచ్చంగా సరిపోయింది. గ్రీకు, రోమన్ దేవళాలను తలపించే కొరింథియన్ స్తంభాలు, పైన త్రికోణపు ముఖభాగంలో కుంఫిణీ చిహ్నం, మెట్లకు రెండు పక్కలా రాతి సింహాలు. అలాంటి కట్టడం ఎదుట చిత్రకారుడు అబద్ధం ఆడనక్కర్లేదు. ఎక్కడ నిలబడాలో ఎంచుకుంటే చాలు.

మేడ పుట్టుకే ఒక బొమ్మతో ముడిపడి ఉందనడానికి కథ ఒకటి ఉంది. కుంఫిణీ అధికారి జాన్ మాల్కం చెప్పిన ముచ్చట ఇది. 1798 నుంచి రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, కొత్త భవనం కోసం, స్థలం కోసం నిజాం అలీఖాన్‌ను అడగదలచి, పెద్ద కాగితం మీద కొలతల ప్రకారం గీయించిన పటాన్ని దర్బారులో పరిచాడట. ముసలి నిజాం చూసి ఒప్పుకోలేదు. రెసిడెంటు చిన్నబుచ్చుకుంటే మంత్రి మీర్ ఆలం నవ్వి, ఆ పటం నిజాం రాజ్యపు పటాలంత ఉంది, అంత జాగా ఎట్లా ఇస్తాడు, చిన్న అట్టముక్క మీద గీసి పట్టుకు రా అన్నాడట. అలా చేస్తే ఒప్పుకున్నాడట. దర్బారు ముచ్చట్లు నోళ్లు మారేకొద్దీ రుచి పెరుగుతాయి కాబట్టి దీన్ని అక్షరాలా నమ్మమని చెప్పను. పైగా చెప్పింది తెల్లదొర, నవ్వులపాలైంది దేశీ ప్రభువు. అది కూడా లెక్కలో ఉంచుకోవాలి. అయినా ఒక సంగతి మాత్రం నిలుస్తుంది. ఆ కాలపు మనుషులకే బొమ్మ కొలత ఒక రాజకీయమని తెలుసు. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజినీర్లలో లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్. ఖర్చు పెట్టుకున్నది నిజాం. పని 1803 ప్రాంతంలో మొదలైంది. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో చనిపోయాడు, మేడ నిండుగా చూసుకునే యోగం అతనికి దక్కలేదు.

ఖర్చు నిజాందన్న మాటను అంత తేలిగ్గా దాటేయకూడదు. నిజాం ఖజానా ఎక్కడి నుంచి నిండింది? శిస్తుల నుంచి. 1798 సైన్య సహకార ఒప్పందంతో కుంఫిణీ పటాలాల జీతాల భారం ఆ ఖజానా మీద పడింది. 1800లో ఆ భారానికి బదులుగానే నేటి రాయలసీమ జిల్లాలు కుంఫిణీకి వెళ్లిపోయాయి. మిగిలిన రాజ్యం మీద భారం తగ్గిందా అంటే అదీ లేదు. గ్రిండ్లే బొమ్మ గీసిన కాలానికి రెసిడెంటు హెన్రీ రసెల్, దివాణం వ్యవహారాలు చందూలాల్ చేతిలో. ఆ దశకంలోనే విలియం పామర్ కంపెనీ భారీ వడ్డీలకు నిజాం సర్కారుకు అప్పులివ్వడం, 1820లో వచ్చిన రెసిడెంటు మెట్‌కాఫ్ ఆ వ్యవహారం మీద యుద్ధం ప్రకటించడం చరిత్రలో పెద్ద గొడవ. వడ్డీ కట్టడానికి శిస్తు గుత్తేదారులు ఊళ్ల మీద పడ్డారు. నేటి కరీంనగర్ ప్రాంతం అప్పుడు ఎలగందుల సర్కారు. హుస్నాబాద్ చుట్టుపక్కల చెరువు కింద పండిన వడ్లూ, మెట్ట మీద పండిన జొన్నలూ ఏదో ఒక దారిన ఆ ఖజానాకే చేరాయి. ఆ స్తంభాల కింద మన పల్లెల శిస్తు కూడా ఉందనుకోవడానికి ఇంతకన్నా పెద్ద ఆధారం అక్కర్లేదు. చిత్రంలో ఈ అప్పు కనిపించదు. కనిపించే వీలూ లేదు. అందుకే బొమ్మను ఒంటరిగా చూడకూడదంటున్నాను.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. పాలకుడు తన కళ్లతో చూసి, తనవాళ్ల కోసం గీయించుకున్న బొమ్మ ఇది. రంగులు ఊహ, కోణం ఎంపిక, కొనుగోలుదారులు పరాయివాళ్లు. ఇంత కల్తీ ఉన్నదాన్ని సాక్ష్యమని ఎందుకు మోయాలి? మాట బలమైనదే. కానీ కల్తీ ఎక్కడుందో తెలిసిన సాక్షి పనికిమాలినవాడు కాడు. ఏ విషయంలో అతనికి అబద్ధమాడే అవసరం లేదో చూసుకోవాలి. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు రెసిడెన్సీ మీద దాడి చేశారు. తుర్రెబాజ్ ఖాన్‌ను తర్వాత చంపారు, మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఆ దెబ్బకు భయపడ్డ బ్రిటిష్‌వాళ్లు చుట్టూ గోడలు, బురుజులు కట్టుకున్నారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద పట్నాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత నది ఒడ్డు రూపం మారిపోయింది, ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చి నీటి పారుదలే వేరయింది. గ్రిండ్లే దృశ్యం ఈ రెండు మార్పులకూ ముందుది. ఫొటోగ్రఫీ లోకానికి పరిచయమైంది 1839లో. అంతకుముందు రెసిడెన్సీ ఎట్లా ఉండేదో తెలుసుకోవాలంటే ఫొటో అన్నది దొరికే ప్రశ్నే లేదు. ఇలాంటి గీతలు, కట్టినవాళ్ల ఉత్తరాలు, పటాలు, గోడ పొరలు, ఇవే దిక్కు. గోడ భయం పుట్టకముందు ఆ మేడ తెరిపిన ఎట్లా నిలబడిందో చెప్పే విషయంలో గ్రిండ్లేకు దాచుకోవలసింది ఏమీ లేదు. ఆ మేరకు అతన్ని నమ్మవచ్చు.

అతను గీయని వాటి సంగతీ అంతే ముఖ్యం. కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్ ఉన్నత కుటుంబపు అమ్మాయి ఖైరున్నిసాను పెళ్లాడిన కథ విలియం డాల్రింపుల్ పుస్తకం వచ్చాక అందరికీ తెలిసింది. ఆమె కోసం ఆవరణలో రంగ్ మహల్ అనే జనానా ఉండేది. మేడను చూడటానికి ఆమె ఘోషా దాటి రాలేదు కాబట్టి మేడ నమూనాను చిన్నగా ఆమె తోటలోనే కట్టించాడని చెబుతారు. బయట నిలబడి గీసిన పరాయి మగవాడికి ఆ జనానా లోపల ఏముందో కనబడే వీల్లేదు. రంగ్ మహల్‌ను తర్వాతి రెసిడెంట్ల కాలంలో కూల్చేశారు. ఇలా ఆడవాళ్లు ఉన్నచోటు చిత్రంలోకి ఎక్కని ఆ ఆవరణే 1949లో ఆడపిల్లల చదువుకు దక్కింది. 1924లో మొదలైన మహిళా కళాశాల అప్పుడే అక్కడికి మారింది. ఇన్ని వేలమంది అమ్మాయిలు దర్బారు హాలు గుండా నడిచి తరగతులకు వెళ్లారంటే, గ్రిండ్లే గీసిన ముఖద్వారంకన్నా అతను గీయలేకపోయిన భాగమే ఆ కట్టడం భవిష్యత్తుకు దగ్గరిదని నాకనిపిస్తుంది.

భవనం పాడుబడుతున్నదని గుర్తించి వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002 నాటి ప్రమాద జాబితాలో దీన్ని చేర్చింది. చేర్చింది ఉస్మానియా మహిళా కళాశాల పేరుతోనే. తర్వాత మరమ్మతులు ఏళ్ల తరబడి సాగాయి. ఇలాంటి పునరుద్ధరణలో పాత ముద్రణ చిత్రం ఎంతవరకు పనికొస్తుంది? ఎక్కడ ఏముండేదో వెతకడానికి దారి చూపుతుంది, అంతే. గచ్చు పొరలను గీకి చూసినప్పుడు బయటపడే పాత రంగుకూ, చిత్రంలోని రంగుకూ పొసగకపోతే గోడ మాటే నెగ్గాలి. బొమ్మ మాట నెగ్గిందంటే, లండన్ రంగుపనివాడి ఊహతో కోఠిలో మేడకు పూత పూసినట్టవుతుంది.

మరి గ్రంథాలయం దాచే వివరం ఏమిటి? పుస్తకం పేరు, ఎన్నో చిత్రం, గీసింది ఎవరు, రేకు చెక్కింది ఎవరు, అచ్చు వేసింది ఏ సంస్థ, ఏ ఏడు, ఆ ప్రతి గ్రంథాలయానికి ఎవరి దగ్గరి నుంచి వచ్చింది, కాగితం కొలత ఎంత, అంచులు కోశారా లేదా. పొడిగా కనిపించే ఈ వరసే బొమ్మకు పహాణీ. పహాణీలో పేరెక్కని భూమి మీద ఎవరైనా ఏదైనా చెప్పవచ్చునన్నది తెలంగాణ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. పాత చిత్రాల వ్యాపారంలో ఒక చెడ్డ అలవాటుంది: పుస్తకంగా అమ్మితే వచ్చే ధరకన్నా ఆకులు విడదీసి, ఒక్కో బొమ్మను ఫ్రేము కట్టి అమ్మితే ఎక్కువ వస్తుంది. అలా విడదీసినప్పుడు ఎదుటి పేజీలోని వివరణ పోతుంది, వరుస సంఖ్య పోతుంది, కొన్నిసార్లు కింది అంచున సన్నటి అక్షరాల్లో ఉన్న పేర్లూ కత్తెరకు పోతాయి. మిగిలేది అందమైన కాగితం. దానికి 1813 అని రాసినా 1860 అని రాసినా అడిగేవాడు ఉండడు.

అంతా డిజిటల్ అయ్యాక ఈ గొడవెందుకు, స్కాన్ తీసి పెడితే సరిపోదా అనేవాళ్లున్నారు. స్కాన్ మంచిదే. హుస్నాబాద్‌లో కూర్చుని లండన్ కాగితాన్ని చూడగలగడం చిన్న విషయమేమీ కాదు. కానీ 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగింది. కేటలాగుతో సహా ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి మూతపడ్డాయి. అరల్లో కాగితాలు కాగితాల్లాగే ఉన్నాయి, వాటిని వెతికే దారి మాత్రం తెగిపోయింది. అప్పుడు కూడా జనం ఫోన్లలో రెసిడెన్సీ బొమ్మ తిరిగి ఉంటుంది, ఎవరిదో ఎప్పటిదో చెప్పే వరస లేకుండా. బొమ్మ ఉండి వివరం లేకపోవడం ఎట్లాంటిదో ఇంతకన్నా తేటగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

హుస్నాబాద్ దగ్గరికి వద్దాం. 2016 అక్టోబరులో జిల్లాల విభజనతో కరీంనగర్ నుంచి సిద్దిపేటకు మారిన ఊరు ఇది. ఇక్కడి ఎల్లమ్మ చెరువుకూ, ఎల్లమ్మ గుడికీ రాగిరేకు చెక్కినవాళ్లెవరూ లేరు. గ్రిండ్లేలు వచ్చే దారి కాదిది. 1948 మార్చి 14న తెలంగాణ సాయుధ పోరాట యోధులు అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల దళ సహచరులు హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపూర్ గుట్టల్లో నిజాం బలగాల చేతిలో చనిపోయారు. ఆ రోజును గీయడానికి కూడా చిత్రకారుడు లేడు. గ్రంథాలయాల బొమ్మల పెట్టెల్లో దొరల మేడలు నిండుగా ఉండి, ఆ మేడలకు శిస్తు కట్టిన ఊళ్లు ఖాళీగా ఉండటానికి కారణం వెతకనక్కర్లేదు. బొమ్మ గీయించడానికి డబ్బు కావాలి, కొనడానికి మనిషి కావాలి. ఇందుకు కోపగించుకుని పాత చిత్రాలను తోసేస్తే ఖాళీ నిండదు. రెసిడెన్సీ చిత్రాన్ని చదవడం నేర్చుకున్న కన్నే, తన ఊరి ఫొటోను ఏ వివరంతో దాచాలో కూడా నేర్చుకుంటుంది. చిన్న ఊరి గ్రంథాలయానికి పోటీ పరీక్షల పుస్తకాలకే డబ్బు చాలదు, బొమ్మలకెక్కడిదని అడగవచ్చు. గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. హుస్నాబాద్‌లో ఇల్లున్న ప్రతివాడూ కడుతున్నదే అది. దానితో ఆక్వాటింట్లు కొనమని ఎవరూ అనరు. ఊరి కాలేజీ, బడి, పాత కచేరీ భవనాల ఫొటోలు, వార్షికోత్సవ సంచికలు, ప్రెస్సులో మూలపడ్డ బ్లాకులు ఎవరింట్లో ఉన్నా తెచ్చి నకలు తీసి, వెనుక ఏ ఏడు, ఎవరు తీశారు, ఎవరిచ్చారు అన్న మూడు వరసలు రాయడానికి ఒక రిజిస్టరు చాలు.

ఇలాంటి ఊళ్ల నుంచి కోఠికి చదువుకు వెళ్లే అమ్మాయికి ఇంకో చిక్కుంది. ఆమె చేరేచోటు పేరు ఇప్పుడు కోఠి ఉమెన్స్ కాలేజీ కాదు. 2022లో తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి తన పంటను, భూమిని దక్కించుకున్న ఐలమ్మ పేరు, కుంఫిణీ సింహాలున్న మేడకు. గ్రిండ్లే పుస్తకం కొన్న పెద్దమనుషులు ఈ పేరు వింటే ఏమనుకునేవారో గానీ, గ్రంథాలయాలకు మాత్రం ఇది నిజమైన పని. అక్కడి పాత కార్డుల్లో ఆ చిత్రం హైదరాబాద్ బ్రిటిష్ రెసిడెన్సీ అన్న పేరు కిందే ఉంటుంది. మధ్యకాలపు ఫొటోలు ఉస్మానియా మహిళా కళాశాల కింద, రేపటివి ఐలమ్మ విశ్వవిద్యాలయం కింద చేరతాయి. రెసిడెన్సీ దగ్గరి బజార్లలో రావిచెట్టు రంగారావు ఇంట్లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్ల వారసత్వం మనదని చెప్పుకునే గ్రంథాలయాలు, ఈ మూడు పేర్లనూ ఒకదాని నుంచి ఇంకోదానికి దారి ఉండేలా కేటలాగులో కలపాలి. లేకపోతే ఐలమ్మ పేరుతో వెతికిన విద్యార్థినికి, తాను మెట్లెక్కుతున్న మేడ 1813లో ఎట్లా ఉండేదో చూపే కాగితం దొరకదు.